గొట్టంలో గాలి

వీధిలో కిటికీల దాకా వరద నీళ్లు నిలిచిన ఏడాది పోయి, ఆ మరుసటి ఏడు. ముందుగదిలో ముగ్గురం: ఫోను ఆఫీసు లైన్‌మన్, మా కోడలు, నేను. నాది కుళాయిల పని, అందరూ మేస్త్రి అంటారు.

"మళ్లీ పోయిందా అమ్మా?"

"మళ్లీ ఏంటన్నయ్యా, రోజూ పోతూనే ఉంది. పొద్దున కూర్చోగానే ఓసారి, టీ తాగి వచ్చాక ఓసారి. సరిగ్గా ఎవరికో జవాబు రాస్తుంటేనే పోతుంది."

"ఫోను తీగ మీద వచ్చే నెట్టు కదా. వరదకి నానిన తీగ. చెమ్మ ఉంటుంది."

"మొన్న చెమ్మ అన్నారు. అంతకుముందు ఎలక అన్నారు."

"ఎలక కూడా ఉంటుంది."

"ఎలకతో నాకేం పని? ఇవాళ సాయంత్రంతో ఉద్యోగానికి నా ట్రయల్ అయిపోతుంది. ఇంకొక్కసారి మధ్యలో పోయిందంటే రేపట్నుంచి రావద్దన్నారు మా మేడమ్."

"రావడం ఎక్కడికి? ఇంట్లో కూర్చునేగా చేసేది?"

"అదే, కంప్యూటర్లోకి. రావద్దంటే రావద్దనే కదా!"

"ఏం పనమ్మా ఇంతకీ?"

"నెట్టు పోయిందని జనం మీ ఆఫీసుకి రాసుకుంటారు చూడండి, వాళ్లకి జవాబు రాస్తాను. కంగారు పడకండి, ఒకసారి ఆపేసి మళ్లీ పెట్టండి అని."

"మరి నీకే పోతే?"

"కంగారు పడతాను."

"అదీ నిజమే. మేస్త్రిగారూ, మీరేమైనా చూశారా?"

"ఏం చూడాలి?"

"ఎవరైనా ఈ ఫోన్లో మాట్లాడుతున్నారా అని."

"నేను మాట్లాడను."

"మావయ్య ఫోన్లో ఏంటి, ఎదురుగా కూర్చున్నా మాట్లాడరు. నేను కాపురానికొచ్చి ఇన్నేళ్లయింది, ఒక్కనాడు ఉప్పు అడిగిన పాపాన పోలేదు. కూరలో తక్కువైతే డబ్బా వంక చూస్తారు. అంతే. నేను లేచి తేవాలి."

"అయితే ఫోను వల్ల కాదన్నమాట. బయట స్తంభం ఎక్కి చూస్తా."

"నిన్న ఎక్కారుగా!"

"నిన్న ఎక్కింది అటువైపు స్తంభం."

"వద్దన్నయ్యా, మీరు దిగేసరికి సాయంత్రం అయిపోతుంది. అయ్యయ్యో, అదిగో మోడెమ్ మీద లైటు వెలిగింది! వచ్చింది, వచ్చింది! నేను కూర్చుంటున్నా. ఎవరూ ఏమీ కదపకండి."

"మేస్త్రిగారూ, ఎక్కడికి లేచారు?"

"ఇప్పుడే వస్తా."

"మేడమ్ హలో అని పెట్టారు. ఉన్నాను మేడమ్ అని... అన్నయ్యా! పోయింది! ఏం ముట్టుకున్నారు?"

"నేనేం ముట్టుకోలేదు, చూడు, చేతులు జేబులోనే ఉన్నాయి. మేస్త్రిగారూ, మీ చెవి దగ్గర ఏంటది?"

"ఫోను."

"ఎవరు అవతల?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకుండా ఏం చేస్తున్నారు?"

"గాలి వదులుతున్నా."

"ఏం వదులుతున్నారు మావయ్యా?"

"గాలి. గొట్టంలో గాలి పట్టిందనుకో, కుళాయి ఆగి ఆగి వస్తుంది. అప్పుడు ఇంకో కుళాయి తిప్పి గాలి వదలాలి. ధార నిలబడుతుంది. ఇదీ ఆగి ఆగే వస్తోంది."

"అందుకని రోజూ..."

"పొద్దున ఓసారి, టీ తర్వాత ఓసారి. ఎత్తి పట్టుకుంటే స్స్ మంటుంది. పోతోంది గాలి. వినండి."

"ఏదీ, ఇటివ్వండి. అవునమ్మోయ్, స్స్ మంటోంది!"

"అన్నయ్యా, మీరు కూడానా!"

"అబ్బే, గాలి కాదు, గాలి కాదు. అది నెట్టు చప్పుడు. మీరు ఎత్తినప్పుడల్లా తెగుతోంది మేస్త్రిగారూ! అయినా ఆ చప్పుడు ఫోన్లోకి రాకూడదే. ఇక్కడ నేను తగిలించిన తెల్ల డబ్బా ఏది? ఫోన్నీ నెట్టునీ విడదీసే ఫిల్టరు?"

"తీశా."

"ఎందుకు?"

"జల్లెడ అది. జల్లెడ పెడితే ధార సన్నబడుతుంది. అమ్మాయికి నిండుగా రావాలని తీశా. తర్వాత ఫోను మోగినప్పుడల్లా ఆగిపోవడం మొదలైంది. అప్పట్నుంచి గాలి వదులుతున్నా."

"నా కోసమా మావయ్యా ఇదంతా?"

"ఉద్యోగం అన్నావుగా."

"ఎక్కడ పెట్టారు దాన్ని?"

"పనిముట్ల సంచిలో."

"తీస్తున్నా. ఆఁ, ఇదే. ఇదేంటి, ఇంకోటి... ఇంకోటి... మేస్త్రిగారూ, ఇన్ని ఉన్నాయేంటి? ఎవరివి ఇవి?"

"వీధివి."

"వీధివి అంటే?"

"దర్జీది. ఎదురింటి టీచరమ్మది. పళ్ల డాక్టరుది. మూలింటి అన్నదమ్ములవి. ఇంకా ఉన్నాయి."

"వాళ్లు తీయమన్నారా?"

"కుళాయిలు బాగుచేయడానికి వెళ్లినప్పుడు కనబడ్డాయి. పనిలో పని, తీసేశా."

"గాలి వదలమని కూడా చెప్పారా?"

"చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?"

"మేస్త్రిగారూ! ఎన్నాళ్లనుంచి ఎక్కుతున్నానండీ నేను ఈ వీధి స్తంభాలు! తీగంతా పోయింది, రోడ్డు తవ్వించండి అని పైకి రాసిపడేశాను!"

"తవ్వేటప్పుడు చెప్పు. కింద నీళ్ల గొట్టం ఉంది."

"అన్నయ్యా, తవ్వడం సంగతి తర్వాత, ముందు ఆ డబ్బా తగిలించండి. తగిలించారా? లైటు... వెలిగింది. మేడమ్ ఏదో పెట్టారు. అయిపోయింది, నా పని అయిపోయింది. నేను చూడలేను, మీరు చదవండి."

"చదువుతున్నా. 'మధ్యలో వెళ్లిపోయారు. మీ కష్టం అర్థమైంది. అన్నిటికంటే ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది మీ వీధి నుంచేనని ఇవాళే చూశాం. ఆ బాధ తెలిసిన మనిషే వాళ్లకి సరిగ్గా జవాబు చెప్పగలదు. మిమ్మల్ని తీసుకుంటున్నాం. ఆ ఫిర్యాదులు ఆగేదాకా ఈ పని మీదే.'"

"తీసుకున్నారా? తీసుకున్నారు! మావయ్యా, ఉద్యోగం వచ్చింది!"

"ఊఁ."

"అమ్మా, చివరి మాట మళ్లీ చదవనా? ఆగేదాకా అంది."

"ఆగేదాకానే... అంటే, ఈ డబ్బాలన్నీ ఎవరి ఇంట్లో వాళ్లకి పెట్టేస్తే..."

"రేపటికి ఫిర్యాదులుండవు. నీకు పనుండదు. నాకు స్తంభాలుండవు."

"అలాగని వాళ్లని ఏడిపిస్తామా? నిన్న ఒకావిడ, నాకు పేరు కనబడదు, నంబరే కనబడుతుంది, కామా తప్పు పోకుండా ఎంత పొడుగు తిట్టిందో! ఇప్పుడు తెలిసింది, టీచరమ్మే. పెట్టాలన్నయ్యా. తప్పదు, పెట్టేయాలి."

"సంచి ఇటివ్వు."

"ఇప్పుడే వెళ్తారా మావయ్యా?"

"పెట్టాలన్నావుగా."

"కూర్చోండి. మీకసలే మోకాళ్ల నొప్పులు."

"నొప్పులేం లేవే."

"వస్తాయి. ఒక్కరోజులో అన్ని గడపలూ ఎక్కి దిగితే ఎందుకు రావు? రోజుకొకటి పెట్టండి. ముందు టీచరమ్మది."

"నేనేం వినలేదమ్మా. స్తంభం ఎక్కడానికి వెళ్తున్నా."

మర్నాడు పొద్దున టీచరమ్మగారింట్లో ఒకటి తగిలించి, ఇంటికి వచ్చి పడుకున్నాను.