మూతి మీది మాట

మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. పన్నెండు సాంచాలు ఒక్కసారే ఆగేసరికి మరమగ్గాల షెడ్డంతా చెవుడు వచ్చినట్టయింది. కరెంటు పోతే అందరికీ చాయ్ గుర్తొస్తుంది, అందరూ పోయారు. మిగిలింది సాంచా ముందు హనుమండ్లు, అతనికి ఎదురుగా కూర్చుని కండెలకు దారం చుట్టే అతని భార్య అనసూర్య. ఇంట్లో అడిగితే బయటికి లేచిపోతాడు, ఇక్కడైతే తెగిన దారాలు ముడేసేదాకా సాంచా విడిచి పోలేడు. అందుకని ఆమె ఇక్కడే అడిగింది.

"నేనేమనలే."

"అన్నవు."

"సాంచాలు నడుస్తుంటె నేనేమన్నా నీకేం ఇనవడుతది?"

"ఇనవడదు. కనవడుతది."

"ఏం కనవడుతది?"

"నీ మూతి. ఇరువై ఏండ్లాయె గీ సప్పుడుల బతుకవట్టి. రాజమన్న గా మూలకెల్లి బీడి ఉన్నదా అని మూతి కదిపితె, నువ్వీడికెల్లి లేదని తల ఊపుతవు. ఆయన మూతి నువ్వు సదువుతవు. నీ మూతి నేను సదువనా?"

"పాట పాడుకుంటున్ననేమో."

"పాట పాడుకునేటోని మొఖం గట్లుండదు."

"పరేషాన్ చెయ్యకు అనసూర్యా. తల నొస్తున్నది."

"నొస్తది మరి. పొద్దుగాల్నుంచి ఒకటే మాట. దారం తెగితె అంటవు, తెగకపోయినా అంటవు."

"ఏ మాట?"

"నీకెర్క లేదా?"

"లేదు."

"చేతుల మాట. బర్కతి లేని చేతులు, బర్కతి లేని చేతులు. ఒక్క కండె నిండేలోపల ఎన్నిసార్లంటవో."

"ఉన్నదే అంటున్న. గీ చేతులు ఏం వట్టినా కలిసిరాదు. నన్ను నేను అనుకుంటె ఎవలకేం అడ్డం?"

"గునుగుపూల బార్డరుకు అడ్డం."

"దాని ముచ్చట తియ్యకు."

"తీస్త. గసొంటి బార్డరు గీ షెడ్డుల ఎవలన్న గీసిండ్రా? గళ్ల నోటుబుక్కుల గడిగడికి సుక్క వెట్టుకుంట, పువ్వు కొస జర వంగేటట్టు..."

"గా కొస వంగుడే తప్పయింది. లింగమూర్తి సేటు నమూన చీర సూసి వాపస్ పంపిండు. వాడిపోయిన పూలున్నట్టున్నయన్నడు."

"సేటు ఒక్క చీర వాపస్ పంపిండు. నువ్వు గీసుడే బందు వెడితివి."

"పెన్సిలు యాడనో పోయింది."

"అల్మారిల ఉన్నది. రెండుసార్లు చెక్కి పెట్టిన."

"కండ్లు మసకైతున్నయి."

"మసకైనోడు గంత సన్నం దారం ఎట్ల ముడేస్తుండు?"

"ఇగో, కరెంటొచ్చేదాక జర కూసోనియ్యి."

"మొన్న సాంచ నూనె తుడ్సనీకి ఏం కాయితాలు చింపినవు?"

"పాతయి."

"గా నోటుబుక్కువి. చెత్తలకెల్లి నేను ఏరిన. పూలన్నిటికి నూనె అంటింది."

"ఇంకేం చెయ్యాలె వాటిని? గీద్దామని కూసుంటె, సుక్క వెట్టకముందే లోపట ఒక గొంతు అననే అంటది. బర్కతి లేని చేతులని. గా మాట ఇనవడంగనే చెయ్యి ఆగుతది. ఒకనాడు నువ్వు నీళ్లకు పోయినప్పుడు గంటసేపు కూసున్న. ఒక్క సుక్క వెట్టలే. అన్నం తినంగ అంటది. బిడ్డ హాస్టల్ కెల్లి ఫోన్ చేసి బాపూ అంటె, నువ్వేం బాపువు అంటది."

"నాకెందుకు చెప్పలే?"

"నీకేమని చెప్పాలె?"

"ఎందుకు చెప్పలే అంటున్న."

"ఇడ్సిపెట్టు."

"లోపట అనేది ఎవల గొంతు?"

"ఏమో. గుర్తువడ్తలే."

"గుర్తువడ్తలేదా?"

"వడ్తలేదంటున్న గద."

"సరే. పొద్దుగాల కొత్త మాట అన్నవు. అది సూసే నేనియ్యాల నిన్ను అడుగుతున్న."

"ఏమనలే."

"నేను లేకుంటెనే వీళ్లు మంచిగుంటరు అన్నవు. నా చేతిలకెల్లి కండె కింద వడ్డది. నువ్వు సూడనన్న సూడలే. అన్నవా లేదా?"

"నోటికొచ్చింది. అన్నంత మాత్రాన ఏమైతది?"

"ముందుగాల మాటే వస్తది. గీ గల్లీల పానం తీసుకున్నోళ్ల ఇండ్లు ఎన్ని సూడలేదు మనం? వాళ్ల పెండ్లాలు అందరు ఒకటే అంటరు, మాకేం చెప్పలేదని. నాకు నువ్వు చెప్పినవు. మూతితోనైనా చెప్పినవు. నాకు భయమైతున్నది."

"నువ్వు ఫికర్ చెయ్యకు. గట్లేం చెయ్యను."

"నా దిక్కు సూసి చెప్పు."

"చెయ్యనంటున్న గద."

"దారం దిక్కు సూసి చెప్తున్నవు. మంగళారం సర్కారు దవాఖానకు మనసు డాక్టరు వస్తదట. నేను పేరు రాయించిన."

"పిచ్చి లేసిందనుకుంటరు."

"అనుకోని. ఆమె ముంగట గీ మాటలన్ని చెప్పు. నాకు చెప్పబుద్ధి కాకుంటె ఆమెకన్న చెప్పు."

"ఏమని చెప్పాలె? బర్కతి లేని చేతులకు ఆమె ఏం మందు ఇస్తది?"

"మల్ల గదే మాట. అనకు."

"నన్ను నేను అనుకుంటె నీకెందుకంత కోపం?"

"అది నీ మాట గాదు గనుక."

"నాదే."

"గాదు. హుస్నాబాద్‌ల మా అవ్వ మాట అది. చిన్నప్పుడు మాతోని బీడీలు చేయించేది. ఒక్క బీడి వంకర వోతె చేతి ఏళ్ల మీద ఒకటి కొట్టి, బర్కతి లేని చేతులు అనేది. నేను పెద్దగైనంక నా బిడ్డతోని గట్ల అనొద్దనుకున్న. అనలే. బిడ్డతోని అనలే."

"అనసూర్యా, ఇడ్సిపెట్టు."

"నమూన చీర వాపసొచ్చిన్నాడు, రాజమన్న ఉండంగ, అందరు ఇనంగ, గా చీర నీ ముంగట పారేసి..."

"ఇడ్సిపెట్టమంటున్న."

"నీకు యాదున్నది."

"యాది లేదు."

"ఉన్నది. గొంతు గుర్తువడ్తలేదంటివి. నా దిక్కు సూడు. ఎవల గొంతది?"

"నీదే. ఏమంటవిప్పుడు? నీదే. మొదటి దినం నుంచి నీదే. చెప్తె ఏడుస్తవని చెప్పలే."

"తప్పయింది."

"ఇప్పుడంటున్నవు. ఆర్నెల్లాయె. నువ్వట్ల అన్న తెల్లారి ఒక్కసారి గీ మాట అనివుంటె నాకు సాలు. ఒక్కనాడన్న అనకపోతివి."

"అన్న."

"ఎప్పుడన్నవు?"

"దినాం అన్న. ఇంట్ల నీ మొఖం సూస్తె నోరు రాలే. గీడ సాంచాలు నడుస్తుంటె ధైర్యమొచ్చేది."

"ఇగో బుగ్గ వెలిగింది. కరెంటచ్చింది, లే. రాజమన్న వాళ్లొస్తరు."

"లేస్త. గిది ఇను, మల్ల సప్పుడైతది. ఆర్నెల్ల సంది నీ ఎదురుంగ కూసోని, కండె కండెకు, తప్పయింది తప్పయింది అని మూతితోని అంటనే ఉన్న. నువ్వు నీ చేతుల దిక్కే సూసుకుంట ఉంటివి. ఒక్కనాడన్న తలెత్తి నా దిక్కు సూడకపోతివి."