పొగ రాని పొయ్యి

తిరువూరులో, విస్సన్నపేట రోడ్డు పక్కన, పొగలో కాల్చిన కోడిమాంసం అమ్మే కొట్టు. చనిపోయిన భర్త నమూనా గీసిచ్చిన స్టీలు పొయ్యి పక్కన భార్య కూర్చుని ఉంది. దాన్ని తయారుచేసిన వెల్డరు మూత తెరిచి చూస్తున్నాడు.

"పొయ్యిలో లోపమేం లేదు వదినా. మామిడి రంపపుపొట్టు బిళ్లలు, ఆ పెల్లెట్లు, వాటంతటవే మంటలో పడుతున్నాయి. మాంసం దూదిలా ఉంది."

"తినేవాళ్లు రావాలిగా. ఇవాళ కూడా అంతా మిగిలిపోయింది."

"వాసన బయటికి పోవట్లేదు. అన్న బొగ్గుల మీద కాల్చేటప్పుడు బస్సులో వాళ్లు కూడా తల బయటపెట్టి చూసేవాళ్లు. ఇప్పుడు ఇక్కడ కొట్టుందనే ఎవరికీ తెలీట్లేదు."

"పొగ బయటికి రాకూడదనే కదా మీ అన్న దీన్ని గీసింది! ఆస్పత్రి మంచం మీద దగ్గుతూ గీశారు."

"ఆయన చెప్పినట్టే చేశా వదినా. పొగంతా లోపలే తిరిగి మాంసానికి పడుతుంది, మిగిలిన కాస్తా నీళ్ల తొట్టిలోకి పోతుంది. అందుకే సగం పెల్లెట్లతో పనైపోతోంది."

"నిన్ను తప్పుపట్టట్లేదయ్యా. పొగ బయటికి పోయే గొట్టం పెడితే జనం వస్తారా?"

"వస్తారు. కానీ అన్న ఒప్పుకునేవాడు కాదు."

"అన్న లేరుగా. పెట్టెయ్."

"రేకుల పైదాకా లేపుతా. మీకు పొగ తగలదు."

"మరి రోడ్డు మీద వాళ్లకి వాసన తగులుతుందా?"

"అంత పైకి పోతే... వాళ్లకీ తగలదు."

"అయితే నా ముఖమంత ఎత్తులో పెట్టు."