గుమ్మం దగ్గర పులి

“అరవై తొమ్మిది, ఆగస్టు పదకొండు, సోమవారం. పొద్దున్నే పెసరట్టు, అల్లం పచ్చడి. రెండు తిని మూడోదానికి లేచాను. కాలు జారింది, తుంటి విరిగింది. ఎంత బాగా గుర్తుందో చూడు, బర్నబాసూ.”

“మాష్టారూ, మీరు పడ్డ సంగతి నేను అడగలేదండి. ఈ పులి సంగతి అడిగాను.”

తెనాలిలో దశరథరామయ్య మాష్టారి ముందుగది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన ఆయనకు నడక నేర్పడానికి ఆసుపత్రి మనిషి బర్నబాసు రోజూ సాయంత్రం వస్తాడు. పులి–మేక ఆట గీసిన పలకను స్టూలు మీద పెట్టి, ఆ స్టూలును మంచానికి రోజుకొక అడుగు దూరం జరుపుతాడు. నిన్నటికి అది వీధిగుమ్మం చేరింది.

“ఏ పులి?”

“నిన్న నేను కట్టేసిన పులి. చుట్టూ మేకల్ని పెట్టి కదలకుండా చేశాను. ఇవాళ చూస్తే మేకగా పెట్టిన ఒక చింతపిక్క లేదు, పులి అవతల కూర్చుంది.”

“పిల్లి వచ్చుంటుంది.”

“వచ్చి సరిగ్గా ఒక్క మేకనే తీసుకెళ్ళిందాండి?”

“పిల్లికి మాత్రం మేకని తినాలని ఉండదా? పోనీ, మా చెల్లెలు విజయమ్మ దుమ్ము దులిపి ఉంటుంది.”

“ఆవిడ నిన్న మధ్యాహ్నమే రేపల్లె బస్సెక్కారు. మీరే చెప్పారు.”

“చెప్పానా.”

“చెప్పారండి. గుమ్మం దాకా నడవలేనని మంచం మీంచే ఎత్తులు కూడా చెప్పారు. మీ పులుల్నీ నేనే జరిపాను.”

“అప్పుడు నువ్వే పొరపాటు పడుంటావు.”

“మాష్టారూ.”

“ఏంటి?”

“ఎప్పుడు నడిచారు?”

“దీపాలు పెట్టాక. ఆ పులిని అలా చూస్తూ పడుకోలేకపోయానయ్యా.”

“కర్ర లేకుండానా?”

“గోడ పట్టుకుని వెళ్ళాను. వచ్చేటప్పుడు అదీ లేదు.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“నాలుగు రోజులు.”

“మరి నా ముందు అబ్బా అమ్మా అంటారేంటండి?”

“గుమ్మం దాకా నడిచాడని కార్డు మీద రాస్తావు. ఇక రావు. అంతేగా?”

“అది ఆసుపత్రి పద్ధతండి.”

“ఏం పద్ధతయ్యా అది. కాలు బాగుపడితే ఆట మానెయ్యాలా?”

“నాకు మాత్రం ఏముందండి. నాతో ఆడేవాళ్ళంతా బాగుపడి వెళ్ళిపోయేవాళ్ళే.”

“అయితే రాయకు.”

“రాసేశాను.”

“ఎప్పుడు?”

“మీరు పెసరట్టు కథ చెబుతుండగా.”

“సరే. అయితే రేపు రావు.”

“రానండి. పలక కూడా తీసుకెళ్తున్నాను.”

“పలక కూడానా?”

“రేపు మా అరుగు మీద పెడతాను. మీరే రండి.”

“ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. మీ పేట వైపు ఎప్పుడూ రాలేదయ్యా.”

“మూడొందల అడుగులండి. మధ్యలో కాలవ వంతెన పిట్టగోడ ఉంది, కూర్చోవచ్చు.”

“పులులు నావేగా?”

“మీవే. ఆ దాచిన మేకను మాత్రం తెచ్చెయ్యండి.”

“తెస్తాలే. వెళ్తూ తలుపు వెయ్యి.”

“ఇవాళ మీరే వేసుకోండి. నేను బయట నిలబడి వింటాను.”

కొంతసేపటికి లోపల్నుంచి తలుపు మెల్లగా దగ్గరపడింది. గడియ చప్పుడు విన్నాక బర్నబాసు అడుగులు లెక్కపెట్టుకుంటూ వంతెన వైపు నడిచాడు.