అడ్డం ఆరు, నిలువు ఆరు

1968 మే నెల, మధ్యాహ్నం మూడున్నర. తార్నాకలో ఒక అద్దె ఇంటి డాబా. యూనివర్సిటీలో ఫిజిక్సు చెప్పే వెంకటనర్సయ్య, ఆయన భార్య వేదవతి.

“మీ అమ్మ మల్ల మీ ఏరియల్ మీదనే చీర ఆరేసింది. ఏందత్తమ్మా అంటే, నా కొడుకు కట్టిన దండెం, నా ఇష్టమన్నది.”

“తియ్యి, వేదా. శాటిలైట్ మన మీదికొచ్చేటందుకు ఇంక పది నిమిషాలే ఉన్నది.”

“తీసిన. మడత కూడ పెట్టిన. శాటిలైట్‌కు తడిచీరలు పడవని మీరే చెప్పుకోండి.”

“ఈ ఇయర్‌ఫోన్ పెట్టుకో. ఏరియల్ కట్టిన గడ కూడ నువ్వే తిప్పాలె. నేను గడియారం చూసి రాస్త.”

“ఇంత సామాను గీడికి మోసుకొచ్చుడెందుకు? మీ యూనివర్సిటీల గది ఉన్నది, పెద్ద ఏరియల్ ఉన్నది, ఫ్యాన్ కూడ ఉన్నది.”

“ఆడ రిపేరు.”

“రిపేరా?”

“ఆడ అందరు చూస్తరు.”

“అట్ల చెప్పండి. ఏం చూస్తరు?”

“ఉత్తరం వచ్చింది, శాటిలైట్ పంపినోళ్ళ దగ్గర్నుంచి. అది తిన్నగ పోతలేదట. మొదటి నెల నుంచే పల్టీలు కొడుతున్నదట. ఒక వాటానికి తిరిగినప్పుడు సిగ్నల్ వస్తది, ఇంకో వాటానికి తిరిగితే పోతది. మొదట్ల ఎవరన్న ఈ తేడా రాసిపెట్టి ఉంటే పంపమన్నరు.”

“మీ గదిల మిషిన్ కాడ పనిచేసిన మన సామేలు రాసిండు గద.”

“గడ నిలువుగ పట్టుకో.”

“పట్టుకున్న. సామేలు రాసిండు గద. ఆరు లెక్కపెట్టేదాక ఉన్నది, ఆరు లెక్కపెట్టేదాక లేదు అని. మిషిన్ కాడ కూసొని కునుకుపాట్లు పడుకుంట రాసిన రాతలని మీరే అన్నరు.”

“రెండు నెలల పేజీలు ఎర్రసిరాతోని కొట్టేసిన.”

“నౌకరి కూడ.”

“నౌకరి హెడ్డు తీసేసిండు.”

“మీరు రాసిస్తే.”

“నేను రాసిస్తే.”

“ఆ తర్వాత కామెర్లొచ్చి పానమే పోయె...”

“కామెర్లు నేను తెచ్చిన్నా, వేదా?”

“నేనేమన్న అన్ననా? సామేలు పెండ్లాం సాలమ్మ కూడ అనలేదు. నిన్న మౌలాలి నుంచి నడిచొచ్చి మెట్ల మీద కూసున్నది. బడిల పిల్లను నిద్రమొహపోని బిడ్డ అంటున్నరట. మా ఆయన పని మీద పండేటోడు కాదమ్మా, సారుతోని ఒక్క ముక్క కాయితం మీద రాయించు అన్నది. ఇంకేం అడగలేదు.”

“నువ్వేం చెప్పినవ్?”

“చాయ్ ఇచ్చి, ఇయ్యాల రమ్మన్న. కింద కూసున్నది.”

“నాకు చెప్పకుండనా?”

“ఉత్తరం సంగతి మీరు నాకు చెప్పిన్రా?”

“టైమైంది. విను.”

“గురగుర తప్ప ఏం లేదు.”

“ఇంకొంచెం.”

“ఏం లేద... ఆగండి. ఉన్నది. ఈల లెక్క, సన్నగ.”

“లెక్కపెట్టు.”

“నాలుగు, అయిదు, ఆరు. పోయింది.”

“గడ అడ్డం తిప్పు.”

“అడ్డం... వచ్చింది. ఏమండి, ఎవరో పక్కన పండి ఊపిరి తీస్తున్నట్టున్నది. ఆరు. పోయింది.”

“నిలువు తిప్పు. సామేలు రిజిస్టర్ల గిట్లనే ఉన్నది. అడ్డం ఆరు, నిలువు ఆరు. పక్కన గీసిన అడ్డగీతలు, నిలువుగీతలు పిచ్చిగీతలనుకున్న. చేతితోని ఏరియల్ తిప్పుకుంట, అది జారిపోకుండ పట్టుకున్నడు. రెండు నెలలు, ఒక్కడే.”

“మాట్లాడకండి. వినొస్తలేదు.”

“వేదా.”

“ఉష్.”

“కండ్లెందుకు మూసుకున్నవ్?”

“మూసుకుంటెనే వినొస్తున్నది. తెరిస్తే ఎండ, కాకులు, మీ మొహం. ఇదేమో ఇంత సన్నగ...”

“తిప్పు. పోతున్నది. వేదా, తిప్పు. ఏమైంది?”

“సామేలు నిద్రపోయిండని మీకెవరు చెప్పిన్రు?”

“ఇప్పుడెందుకది?”

“ఎవరు చెప్పిన్రు?”

“ఎవరో. నేను నమ్మిన, అంతే. కిందికి పోయి నేనే మాట్లాడుత.”

“నేను మీకు టిఫిన్ డబ్బ తెచ్చిన రోజు. తల గోడకు ఆనిచ్చి, ఇది చెవులకు పెట్టుకొని, కండ్లు మూసుకొని కూసున్నడు. సాయంత్రం మీకు అన్నం పెట్టుకుంట అన్న, మీ సామేలుకు శాటిలైట్ జోలపాట పాడుతున్నదని.”

“నవ్వులాటకు అన్నవ్.”

“మీరు నవ్వలేదు. చెయ్యి కడుక్కొని పోయి కాయితం రాసిన్రు. నేను చూసిన. చూసి గిన్నెలు తీసిన.”

“సాలమ్మకు ఆ సంగతి తెల్వదు. తెలిసే అవసరం కూడ లేదు. నేను రాసిస్త, తీసుకొని పోతది.”

“ఈ గడ పట్టుకోండి.”

“వేదా, చెప్పేది విను...”

“పట్టుకోండి. సాలమ్మా, ఓ సాలమ్మా, పైకి రా.”

“వస్తున్నమ్మా. సారు రాసిచ్చిండా?”

“రాస్తడు. దానికి ముందు నా మాట విను. సామేలు నిద్రపోలేదు, సాలమ్మా, కండ్లు మూసుకొని వింటుండె. నిద్రపోయిండని చెప్పింది నేను.”