చీటీలో లేని మాట

అధ్యక్షత వహిస్తున్న సూపరింటెండెంట్ గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకి, మందుల కౌంటర్‌లో మా పిన్నితో కలిసి పనిచేసిన అక్కలకి, అన్నలకి, సభ అవ్వకముందే వెనకాల స్వీట్ డబ్బా తెరిచేసిన కాంపౌండర్ అంకుల్‌కి నమస్కారం. (నవ్వులు) పర్లేదు, తినండి అంకుల్, అందరూ మిమ్మల్నే చూస్తుంటే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది. స్టేజీ అంటే నాకు చచ్చేంత భయం. ఇంగ్లిష్‌లో అయితే మాట్లాడేస్తానంటే, "తెలుగులో ఏడువు, ఇంగ్లిష్‌తో నా పని అయిపోయింది" అంది పిన్ని.

మీ అందరికీ ఆవిడ చీటీ మేడమ్. నాకు అమ్మ చెల్లెలు, మా ఇంట్లో నా గదిలోనే ఉంటుంది. వచ్చేవారం వేరే దేశంలో పెద్ద హాస్పిటల్లో మందులివ్వటానికి వెళ్లిపోతోంది. దానికి ఇంగ్లిష్ పరీక్ష ఒకటి ఉంది. వినటం, రాయటం, మాట్లాడటం అన్నీ గట్టెక్కాయి కానీ రీడింగ్ దగ్గర బండి కూలబడింది. మళ్లీ రాస్తోందని అప్పట్లో మీకెవరికీ తెలీదు కదా? నాకు తెలుసు. కడుపులో దాచుకోవటం ఒక్కటే నాకొచ్చిన విద్య, అందుకే నన్ను టీచర్‌గా పెట్టుకుంది.

ఆ రీడింగ్‌లో ఒక పాసేజ్ ఇచ్చి, కింద కొన్ని వాక్యాలిస్తారు. పాసేజ్ ప్రకారం ఒక్కోటీ ట్రూనా, ఫాల్సా, లేకపోతే అందులో ఆ ఊసే లేదు కాబట్టి నాట్ గివెన్ అనాలా, చెప్పాలి. తేనెటీగల మీద పాసేజ్ వచ్చింది. 'తేనె దగ్గుకి మంచిది' అని కింద వాక్యం. పిన్ని ట్రూ పెట్టేసింది.

"పిన్నీ, ఇందులో దగ్గు అన్న మాటే లేదు."

"లేకపోతే? ఇన్నేళ్లుగా దగ్గు మందులిస్తున్నా, నాకు తెలీదుటే?" (నవ్వులు)

ఇంకోసారి సముద్రం మధ్య లైట్‌హౌస్‌లో దీపం వెలిగించే ఆయన కథ. రోజూ ఏం తుడిచాడో, ఏం తిన్నాడో రాశారు. 'అతను దిగులుగా ఉండేవాడు' అని ప్రశ్న. మళ్లీ ట్రూ!

"ఎక్కడుంది పిన్నీ? వేలు పెట్టి చూపించు."

"అన్నీ నోరు తెరిచి చెప్తారా ఏంటి? ఒక్కడే కూర్చుని రెండు కప్పులు తోముకుంటున్నాడు, పాపం!"

ఇలాంటి ఆవిడకి నేనేం నేర్పను? తల పట్టుకున్నా. ఒకరోజు క్యారేజీ ఇవ్వటానికి కౌంటర్ దగ్గరికొస్తే, ఒక తాతగారు మోకాలి నొప్పి చీటీ ఇచ్చి, నడుముకి కూడా ఏదన్నా ఇవ్వమ్మా అని బతిమాలుతున్నారు. పిన్ని ఎప్పుడూ అనే మాటే అంది. "చీటీలో లేనిది నా చేత్తో ఇవ్వను తాతగారూ. డాక్టరు గారితో రాయించుకు రండి, నేనిక్కడే ఉంటా."

నేను క్యారేజీ పట్టుకునే అరిచా, "పిన్నీ, పాసేజ్ కూడా చీటీయే!"

లైన్లో ఉన్నవాళ్లంతా నాకు పిచ్చెక్కిందనుకున్నారు. పిన్ని మాత్రం నవ్వింది. ఆ సాయంత్రం తేనెకి, దగ్గుకి సంబంధం తెగిపోయింది. లైట్‌హౌస్ ఆయన్ని మాత్రం చాలాసేపు చూసి, పెద్దగా నిట్టూర్చి నాట్ గివెన్ పెట్టింది. రిజల్ట్ వచ్చిన రోజు మేమిద్దరం మంచం మీద గెంతితే కోడు విరిగింది. అమ్మా, విరగ్గొట్టింది పిన్నే! (నవ్వులు, చప్పట్లు)

ఇంకొక్క ముక్క.

టికెట్ వచ్చిన రోజు "నువ్వు ఉండగలవుటే?" అని అడిగింది. "భేషుగ్గా ఉంటా, గదంతా నాదే" అని బాత్రూంలోకెళ్లి కుళాయి తిప్పేశా. నేను బయటికొచ్చేసరికి పిన్ని తువ్వాలు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉంది. నేనెప్పుడూ ఏదీ చెప్పను, ఆవిడెప్పుడూ చెప్పించుకోలేదు.

పిన్నీ, రాయని మాట చదవొద్దని నీకు నేర్పింది నేనే. పరీక్ష అయిపోయింది, ఇంక మర్చిపో. ఫోన్లో నేను "బానే ఉన్నా" అంటే ట్రూ పెట్టేయకు. ఆ లైట్‌హౌస్ ఆయన్ని చదివినట్టు చదువు నన్ను.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ థాంక్స్. అదిగో, పిన్ని తువ్వాలు వెతుక్కుంటూ లేస్తోంది, నేను దిగిపోతా. సెలవు.