బొగ్గు ముట్టనోళ్ళు

బోధన్ పక్క ఊరు. బొగ్గు డిపో మేస్త్రీ ఏసయ్య ఇల్లు. భార్య రజిని నిజామాబాద్‌లో కంఠేశ్వర్ కాడి కాలేజీ దాకా పోయి అప్పుడే వచ్చింది.

“...తింట గనీ, ముందు గిది సెప్పు. మనూరి ఆడోళ్ళను ఆ పరీక్షకు ఎవలు ఏరిండ్రు?”

“ఏ పరీక్ష?”

“ఏ పరీక్షనా? కాలేజోళ్ళు బుగ్గ లోపల గీకి తీస్కపోయింది. డిపోల పనిజేసే మొగోళ్ళయి కొన్ని, బొగ్గు ముట్టనోళ్ళని మన ఆడోళ్ళయి కొన్ని, పక్కపక్కన పెట్టి సూస్తమన్నరు గద.”

“ఆ, గదా. ఏమన్నది ఆ కాలేజి పిల్ల, సుష్మ?”

“కంప్యూటర్ల సూపిచ్చింది. మన తోలుల కండ్లకు ఆనని కణాలుంటయట. ఒక్కోదాని నడుమ గింజ. గింజల దారం లెక్క డీఎన్ఏ. బొగ్గు దుమ్ముకు గా దారం తెగుతదట. తెగిన ముక్కలు గింజ పక్కపొంటి చుక్కలై పడ్డయి. నాయి సూసిన.”

“మరి నాయి?”

“నీయి గూడ గట్లనే ఉన్నయి. మొగోళ్ళకు, ఆడోళ్ళకు ఫరక్ లేదట.”

“ఫరక్ లేదని రాసిండ్రా?”

“నా బుగ్గకు ఏమైందని అడుగుతలేవు. రాసిండ్రా అని అడుగుతున్నవ్.”

“గట్ల గాదే...”

“ఫరక్ లేకుంటే తప్పు బొగ్గుది గాదంటరు. డిపో సేటు మాస్కులియ్యడు, దవాఖాన ఖర్చు పెట్టడు. గంతే గద?”

“గవన్నీ నాకేం ఎరుక?”

“ఆడోళ్ళను ఏసయ్య అన్ననే ఏరి తెచ్చిండని సుష్మనే సెప్పింది. బుగ్గ గీకిన నాడు, బొగ్గుతోని నీకు పనేమన్న ఉన్నదా అక్కా అని నన్ను అడిగితే, నువ్వే అందుకొని లేదు మేడం, ఇంట్లనే ఉంటదన్నవ్. నేను గూడ తల ఊపిన.”

“ఇంట్లనే ఉంటవ్ గద.”

“ఇంట్ల ఉండి ఏం జేస్తున్న? డిపో ఊడ్చిన పొడి నువ్వు తెస్తవ్. పెండ గలిపి ముద్దలు జేసి ఎండవెడ్త, నీళ్ళ పొయ్యిల ఏస్త. గది బొగ్గు గాదా?”

“గది ఇంటిపని. ఎవలన్న దాన్ని బొగ్గు పనంటరా?”

“అనరు. నేను గూడ అనుకోలే. గందుకే ముద్దలు జేసే ఆడోళ్ళనే ఏరినవ్. బడి పంతులమ్మను పిలువలే, మిషన్ కుట్టే లక్ష్మవ్వను పిలువలే.”

“సేటు సెప్పిండే. గిట్ల జేస్తే వచ్చే నెల సంది గేటు కాడ కూసోవెడ్త అన్నడు. నా దగ్గు నీకెరుకే. దుమ్ముల నిలవడలేకపోతున్న.”

“నీ పాణం నీకు తీపి. మరి నాది?”

“దేవుని మీద ఒట్టు, రజినీ. ముద్దలు జేస్తే గూడ లోపలికి పోతదని నాకు తెల్వది. తెలిస్తే నిన్ను జెయ్యనిస్తనా?”

“మరి మన బిడ్డ ఎస్తేరు కాన్పుకొచ్చినప్పుడు, కడుపుతోని గా పొడి ముట్టొద్దని దాని సేతులకెల్లి బుట్ట గుంజుకొని, నాకెందుకిచ్చినవ్?”