కంప్యూటర్ని ఏడిపించిన మాస్టారు

కొత్తవలస స్టేషన్ బయట కూర్మమ్మ టీ బడ్డీకి నరసింగరావు మాస్టారు రోజూ బడి వదలగానే వచ్చేస్తారు. గదికెళ్తే పలకరించేవాళ్లెవరూ లేరు. భార్య పోయినప్పటినుంచీ ఆ గదిలో తన దగ్గు తనకే పెద్దగా వినిపిస్తుంది. ఈ ఏడాది బళ్లోనూ అదే వరస. గోడకి పెద్ద తెర బిగించి అందులో ఏఐ పెట్టాక, పిల్లలు ఏ సందేహమొచ్చినా దాన్నే అడుగుతున్నారు. సోషల్ చెప్పే ఈయన దాని పక్కన నిలబడి ఉంటారు.

బడ్డీ దగ్గరైతే వినేవాళ్లుంటారు. ఆ సాయంత్రం చిన్నగానే మొదలుపెట్టారు.

"పోయినవారం ఆ తెరకి ఒక తప్పు పట్టేను జోగయ్యా. అరసవల్లి విజయనగరం జిల్లాలో ఉన్నాదని సెప్పింది. పిల్లలు గబగబా రాసేసుకుంటన్నారు. ఆగండ్రా అన్నాను. సెప్పింది మిసీనైనా మాస్టారైనా, మనకి తెలిసినదాంతో సరిసూసుకోవాల, అనుమానమొస్తే అడగాల అన్నాను. ఆ తర్వాత ఏటయిందో తెలుసా?"

ఆటో జోగయ్య బల్ల మీద కాస్త జరిగి, ఏటయిందన్నాడు.

క్లాసు క్లాసంతా లేచి నిలబడిందట. మేం దర్శనానికెళ్లి వచ్చినోళ్లం, శ్రీకాకుళమని మాకు తెలీదా అని ఒకటే గోలట. ఒకడు నీకెవరు చెప్పారని తెరని నిలదీశాడట, ఒక పిల్లయితే నువ్వెప్పుడెళ్లావు, గుడి ఏ వైపు తిరిగి ఉంటుందో చెప్పమందట. తెర తెల్లబోయి క్షమించమందట. మాస్టారు క్షమించలేదు. దాంతో అది ఏడుపు లంకించుకుంది, నీళ్లు ధారగా కారిపోతుంటే కింద బకెట్టు పెట్టాల్సొచ్చింది.

"బకెట్టు నిండిందా మాస్టారూ?" అంది కూర్మమ్మ, పాలు పొంగకుండా చూసుకుంటూనే.

ఆవిడ అడిగేసరికి ఆయనకి ఊపొచ్చింది. నిండడమేటి, బడి తోటకి ఆ రోజు వేరే నీళ్లే పొయ్యలేదన్నారు. అప్పట్నుంచీ అది తెల్లారగట్లే తనకి ఫోను చేస్తోందట. మాస్టారూ, ఈ రోజు మంగళవారమేనా అని అడుగుతుందట. తను ఊ అంటేగాని ప్రపంచంలో ఏ కంప్యూటరూ తారీఖు మార్చదట.

"మొన్న జొరమొచ్చి లెగనేకపోయాను. అమెరికాలో మద్దేనం దాకా సోమవారమే నడిసింది, తెలుసా?"

కూర్మమ్మ పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. జోగయ్య నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, మెల్లగా అన్నాడు.

"మాస్టారూ, మా అమ్మాయి ఝాన్సీ ఆ క్లాసులోనే కదా ఉన్నాది. మీరడిగితే ఒక్కలూ లెగనేదంట. ఆపమన్నా రాసేసుకున్నారంట. బెల్లు కొట్టేదాకా మీరెల్లి కిటికీ కాడ నిలబడిపోయారంట."

జరిగింది అదే. అరసవల్లి ఎంతమంది వెళ్లారంటే చేతులన్నీ లేచాయి. మరి అది ఏ జిల్లా అంటే తలలన్నీ తెరవైపు తిరిగాయి. ఒక్క పిల్లయినా తనవైపు చూస్తుందేమోనని ఆయన అలాగే నిలబడి చూశారు. ఎవరూ చూడలేదు. ఆ నిశ్శబ్దం గదికి మోసుకెళ్లలేకే, ఈ సాయంత్రమూ తిన్నగా ఇక్కడికొచ్చి ఈ మాటలన్నీ చెప్పుకుంటున్నారు.

టీ తాగడానికి గ్లాసెత్తి, తాగకుండానే దించేశారు.

లోపల రైలొచ్చిన చప్పుడైంది. జోగయ్య లేచాడు గానీ కదల్లేదు.

"మా ఝాన్సీ కూడా తప్పే రాసుకున్నాది మాస్టారూ. ఆ రోజు ఇంటికొచ్చినకాడినుంచి మాత్రం కుదురు నేదు. ఆదివారం అరసవల్లి తీసుకెల్లమని ఒకటే పోరు. మొన్నే కదే ఎల్లామంటే, అప్పుడు దండం పెట్టుకున్నాను గానీ ఏ జిల్లా అని రాసుందో బోర్డులు సూడనేదు నానా అంతాది. పొద్దున్నే రైలుకెల్తాం. మీరూ వస్తారేటి?"

జనం స్టేషన్లోంచి బయటికొస్తున్నారు. ఆటో ఆటో అని ఎవరో కేకేస్తున్నారు. జోగయ్య అటు చూడకుండా ఆయన కోసమే ఆగాడు.

"వస్తాను" అన్నారు మాస్టారు. దానికి ఇంకేమీ కలపలేదు.